డిప్లొమా దగ్గర ఆగని సయీదా

1999 ఫిబ్రవరి నెలాఖరులో ఒక పొద్దున, ఆస్ట్రేలియాలోని టూవూంబా యూనివర్సిటీలో మొదటి సంవత్సరం లెక్కల క్లాసు మొదలవబోతుండగా సయీదా లోపలికి వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏడేళ్లు. తలమీద చున్నీ సర్దుకుని, మెట్లుమెట్లుగా ఉన్న ఆ పెద్ద హాలును ఒకసారి కలయజూసింది. పై వరసలో స్నేహితురాళ్ల మధ్య ఆమె కూతురు తస్నీమ్ కూర్చుని ఉంది. తల్లిని చూడగానే ఆ పిల్ల పుస్తకంలోకి తల దూర్చేసింది.

సయీదాకు కోపం రాలేదు. కారులో వస్తున్నప్పుడే ఒప్పందం అయిపోయింది.

"అమ్మీ, ప్లీజ్, క్లాస్‌లో నా పక్కన కూర్చోకు. టాక్ టు మీ ఎట్ హోమ్, ఓకే?"

"సరేలే. నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. ఇద్దరి డబ్బాల్లోనూ ఒకే పులిహోర ఎందుకుందని ఎవరన్నా అడిగితే మాత్రం నువ్వే చెప్పుకో."

"అమ్మీ!"

సయీదా నవ్వుకుంటూ వెళ్లి మొదటి వరసలో కూర్చుంది. వెనకనుంచి ఎన్ని జతల కళ్లు తన చున్నీ మీద ఉన్నాయో ఆలోచించకూడదని గట్టిగా అనుకుంది.

ఆమె పుట్టింది చీరాలలో. తండ్రికి బట్టల కొట్టు ఉండేది. చుట్టాలతో ఉర్దూ, మిగతా ఊరందరితో తెలుగు. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంది కాబట్టి లెక్కలతో ఆమె స్నేహం పదో తరగతితోనే తెగిపోయింది. ఇంటర్ అవగానే గుంటూరు సంబంధం కుదిరింది. భర్త బహదూర్ ఎక్స్‌రే టెక్నీషియన్. తస్నీమ్‌కు ఏడేళ్లప్పుడు అతనికి టూవూంబా ఆస్పత్రిలో ఉద్యోగం వస్తే ముగ్గురూ వచ్చేశారు. వచ్చిన కొత్తలో సయీదా ఆ ఊరున్న కొండ కింద కూరగాయల షెడ్డులో క్యారెట్లు ప్యాక్ చేసేది. చలికాలం పొద్దున్నే ఆ నీళ్లలో చేతులు పెడితే మధ్యాహ్నం దాకా వేళ్లు తనవి కానట్టుండేవి.

అక్కడ పనిచేస్తూనే, ఉద్యోగానికి పనికొచ్చే చదువులు చెప్పే టేఫ్ కాలేజీలో సాయంత్రం క్లాసులకు వెళ్లి కంప్యూటర్ డిప్లొమా పూర్తిచేసింది. అదృష్టం అనాలో, కాలం కలిసి రావడం అనాలో, ఆమె కాబోల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని బయటికి వచ్చేసరికి లోకమంతా వైటూకే భయం పట్టుకుంది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండు అంకెలే ఉండేవి. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే కంప్యూటర్ అది పందొమ్మిది వందల సంవత్సరం అనుకుంటుంది. రైతుల దగ్గర ధాన్యం కొనే ఒక కంపెనీ ఆమెను వెంటనే తీసుకుంది. క్యారెట్లు కడిగిన చేతులతో ఇప్పుడు పాత ప్రోగ్రాములు కడుగుతున్నానని బహదూర్‌తో చెప్పి మురిసిపోయేది.

కానీ కొన్నాళ్లకే ఒక వెలితి మొదలైంది. ఒక ప్రోగ్రామ్‌లో ఏ లైను తప్పో చూపించగలదు, దిద్దగలదు. ఆ ప్రోగ్రామ్‌ను అసలు అలా ఎందుకు కట్టారో, ఇంకోలా కట్టి ఉంటే ఏమయ్యేదో తెలియదు. అడిగితే పక్కనున్న డిగ్రీ కుర్రాళ్లు ఏవేవో పేర్లు చెప్పేవాళ్లు. ఆ పేర్లు ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. తనకు తెలియనిది చాలా ఉందని, అది కష్టపడితే వచ్చేదేనని ఆమెకు గట్టిగా అనిపించింది.

ఒక ఆదివారం డాక్టర్ వాసుదేవరావుగారి పెరట్లో బార్బీ, అంటే నిప్పుల మీద మాంసం కాల్చుకునే విందు, జరుగుతుంటే ఆ మాట బయటపెట్టింది. ఆయన ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్న పెద్దమనిషి. చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది.

"ఈ టైంలో డిగ్రీ ఏంటి సయీదమ్మా? కాబోల్ వచ్చినవాళ్లని బ్రిస్బేన్‌లో కళ్లకద్దుకుంటున్నారు. నాలుగు రాళ్లు వెనకేసుకోక, ఇప్పుడు పిల్లల మధ్య కూర్చుని ఎగ్జామ్స్ రాస్తావా?"

"అంకుల్, మేం చేసేది పంక్చర్లు వేసే పని. రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తారీఖుతో అందరి పంక్చర్లూ అయిపోతాయి. ఆ తర్వాత నన్నెవరు పిలుస్తారు?"

"అయితే ఏకంగా కారే తయారుచేస్తానంటావ్."

"నేర్పితే ఎందుకు చెయ్యనంకుల్?"

ఆయన పెద్దగా నవ్వి బహదూర్ వైపు చూశారు. బహదూర్ మాటలు తక్కువ మనిషి. "సరే, వంట నేను నేర్చుకుంటా" అన్నాడు. అంతకన్నా పెద్ద ఆమోదం ఆ ఇంట్లో ఇంకొకటి ఉండదు.

యూనివర్సిటీవాళ్లు ఆమె డిప్లొమా చూసి మొదటి సంవత్సరం సబ్జెక్టులన్నీ మాఫీ చేశారు. నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చన్నారు. ఒక్క లెక్కలు మాత్రం మొదటి సంవత్సరం పిల్లలతో కలిసి చదవాల్సిందే. ఆ ఏడే తస్నీమ్ ఇంజనీరింగ్‌లో చేరింది. అలా తల్లీకూతుళ్లు ఒకే క్లాసులో పడ్డారు. సయీదా ఆఫీసులో పని రోజులు తగ్గించుకుని, మిగతా రోజులు బ్యాగు భుజాన వేసుకుంది.

రెండో సంవత్సరం సబ్జెక్టులు ఆమెకు పండగలా ఉన్నాయి. ఆఫీసులో వినపడిన పేర్లన్నీ ఒక్కొక్కటే అర్థమవుతుంటే ఇంటికొచ్చి బహదూర్ వెనకాలే తిరుగుతూ చెప్పేది. అతను ఉల్లిపాయలు తరుగుతూ ఊ కొట్టేవాడు. లెక్కలు మాత్రం మింగుడు పడలేదు. ఎంత రాసుకున్నా, ఎంత బట్టీ పట్టినా, పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి కాళ్లూచేతులూ ఆడలేదు.

జూలైలో ఫలితాలు వచ్చాయి. తస్నీమ్‌కు హై డిస్టింక్షన్. సయీదా ఫెయిల్.

ఆమె వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఊరికే గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. అవి కడిగిన గిన్నెలే. తస్నీమ్ వచ్చి కుళాయి కట్టేసింది.

"మానేస్తానే. అంకుల్ చెప్పినట్టు డబ్బులు సంపాదించుకుంటా. ఈ బుర్రకి ఎక్కదిది."

"అమ్మీ, యూ ఆర్ నాట్ డంబ్. నువ్వు అంతా బైహార్ట్ చేస్తున్నావ్. మాథ్స్ అలా రాదు. కూర్చో."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. సిట్."

జూలై అంటే అక్కడ చలికాలం; ఆ సెలవులన్నీ భోజనాల బల్లే బడి అయిపోయింది. పాఠం చెప్పేది పదిహేడేళ్ల పిల్ల. సహనం తక్కువ, గొంతు ఎక్కువ. ఒకరోజు ఇండక్షన్ అనే రుజువు పద్ధతి దగ్గర బండి మళ్లీ ఆగిపోయింది. మొదటి సంఖ్యకు నిజమని చూపించు, ఏ సంఖ్యకైనా నిజమైతే దాని తర్వాతి సంఖ్యకూ నిజమని చూపించు, ఇక అన్నిటికీ నిజమే. తస్నీమ్ ఎన్ని రకాలుగా చెప్పినా సయీదాకు అదేదో కనికట్టులాగే ఉంది. విసుగెత్తి ఆ పిల్ల పెన్ను పడేసింది.

"ఓకే. ఆఫీసులో ఒకే పనిని వెయ్యిసార్లు చెయ్యాలంటే ప్రోగ్రామ్‌లో ఏం రాస్తావ్?"

"లూప్ రాస్తా."

"వెయ్యిసార్లూ కరెక్టుగా చేస్తుందని హౌ డు యూ నో? వెయ్యీ చెక్ చేస్తావా?"

"ఎందుకు చేస్తాను? మొదటిసారి సరిగ్గా మొదలైందా చూస్తా. ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకి సరిగ్గా వెళ్తోందా చూస్తా. ఆ రెండూ బాగుంటే ఇంక..."

మాట మధ్యలో ఆగిపోయింది. పుస్తకంలోకి చూసింది, కూతురి ముఖంలోకి చూసింది.

"ఇంతేనా? ఇది నేను రోజూ చేసే పనేనే!"

"దట్స్ ఇట్, అమ్మీ! దట్స్ ఇండక్షన్!"

ఇద్దరూ అరిచిన అరుపుకు పొయ్యి దగ్గరున్న బహదూర్ పప్పు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు.

ఆ తర్వాత సయీదా బట్టీ పట్టడం మానేసింది. ప్రతి సూత్రాన్నీ ముందు ఒక చిన్న ప్రోగ్రామ్‌గా రాసుకునేది. అది నడిస్తే సూత్రం తనదైపోయేది. రెండో సెమిస్టర్‌లో మళ్లీ అదే క్లాసు, మళ్లీ అదే మొదటి వరస. ఈసారి తస్నీమ్‌కు ప్రోగ్రామింగ్ సబ్జెక్టు వచ్చింది. అందులో ఆ పిల్లకు ఒక్క లైనూ నడవలేదు. ఒక శనివారం మధ్యాహ్నం తన స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, "దిస్ ఈజ్ మై మమ్. షీ ఫిక్సెస్ ఎనీథింగ్" అని పరిచయం చేసింది. సయీదా అందరికీ టీ ఇచ్చి, ఒక్కొక్కరి తప్పూ చూపించి, దిద్దకుండా వాళ్లచేతే దిద్దించింది. నవంబరులో లెక్కల ఫలితం వచ్చింది. మామూలు పాస్ కాదు, డిస్టింక్షన్.

ఆ ఏడు రంజాన్ మాసంలోనే కొత్త సంవత్సరం వచ్చింది. జనవరి ఒకటో తారీఖు పొద్దున ఉపవాసంతోనే ఆఫీసుకు వెళ్లింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే కంప్యూటర్ మొదటి రసీదు మీద రెండు వేలు అని నాలుగంకెలూ చక్కగా అచ్చేసింది. చప్పట్లు, కేకలు, కేకు. సయీదా తన ముక్కను సాయంత్రానికి దాచుకుంది. నెల తిరిగేసరికి ఆమె చెప్పినట్టే అయింది. ఇక పనిలేదని కంపెనీ ఆ బృందాన్నంతా పంపేసింది. తోటివాళ్లు దిగాలుపడి పెట్టెలు సర్దుకుంటుంటే ఆమె కూడా సర్దుకుంది. ఆమెకు మాత్రం ఎక్కడికి వెళ్లాలో తెలుసు. డిగ్రీకి ఇంకొక్క ఏడే ఉంది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఇద్దరు కుర్రాళ్లు ఆమెతో జతకట్టారు. ఏం చేయాలో తోచక ముగ్గురూ తలపట్టుకుని ఉన్నప్పుడు, భోజనాల దగ్గర బహదూర్ విసుక్కున్న మాట ఆమెకు పనికొచ్చింది. పడమటి పల్లెల నుంచి రోగులు గంటల తరబడి కారు నడుపుకుంటూ ఎక్స్‌రేకి వస్తారు. వాళ్లకేమో పొద్దున్నే ఎనిమిదింటికి వేళ ఇస్తారు, పక్క వీధిలో ఉండేవాళ్లకేమో మధ్యాహ్నం. సయీదా దాన్నే పట్టుకుంది. జబ్బు తీవ్రత ముందు, ఆ తర్వాత రోగి రావాల్సిన దూరం చూసి వేళలు ఇచ్చే వ్యవస్థను ముగ్గురూ కలిసి తయారుచేశారు.

అక్టోబరులో దాన్ని బయటి కంపెనీలవాళ్ల ముందు చూపించాలి. సయీదాకు జనం ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడటమంటే భయం. లేచి నిలబడింది. రాసుకున్న మొదటి వాక్యం ఎగిరిపోయింది. వెనక గోడకు ఆనుకుని డ్యూటీ బట్టల్లోనే నిలబడ్డ బహదూర్ కనిపించాడు. అంతే, కాగితాలు బల్లమీద పెట్టేసింది. వెన్ను నొప్పితో తెల్లవారకముందే బయల్దేరిన ఒక ముసలి రైతు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ రైతుకు ఎన్నింటికి వేళ దొరకాలి, కంప్యూటర్ దాన్ని ఎలా నిర్ణయిస్తుంది, అలా ఎందుకు కట్టారు, ఇంకోలా కడితే ఏం చెడుతుంది అన్నీ వివరించింది. ప్రశ్నలు వచ్చాయి. ఒక్కదానికీ తడుముకోలేదు. కూర్చునేసరికి కుర్రాళ్లిద్దరూ ఆమె భుజాలు తడుతున్నారు. ఆస్పత్రులకు ప్రోగ్రాములు తయారుచేసే ఒక బ్రిస్బేన్ కంపెనీ ఆయన అక్కడికక్కడే, పరీక్షలవగానే వచ్చి చేరమన్నాడు. టూవూంబా నుంచే పని చేసుకోవచ్చన్నాడు.

2001లో పట్టా పుచ్చుకున్న రోజు వాసుదేవరావుగారు అందరికన్నా ముందు వరసలో కూర్చుని, ఆమె పేరు పిలవగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం బహదూర్ కొండ దిగి బ్రిస్బేన్‌లోని సన్నీబ్యాంక్ దాకా కారు నడిపాడు. పట్టా కోసం అద్దెకు తెచ్చుకున్న గౌను మర్నాడు తిరిగిచ్చినా పరవాలేదని అతనే పట్టుబట్టడంతో, సయీదా నల్లగౌనుతోనే హలాల్ హోటల్లోకి నడిచింది.

హోటలు నడిపే మలేషియా ఆవిడ గౌనును, తస్నీమ్‌నూ మార్చిమార్చి చూసి, "కూతురి గౌను సరదాకి వేసుకున్నారా?" అని అడిగింది.

"నో, ఇట్స్ హర్స్" అంది తస్నీమ్. "నాది ఇంకా రెండేళ్లు."

ఆవిడ ఒక్క అరుపు అరిచి లోపలికి పరిగెత్తింది. కాసేపటికి పెద్ద పళ్లెంలో ఆవిరి కక్కుతున్న చేపను తెచ్చి, తలకాయ గౌరవ అతిథిదంటూ సయీదా ముందు పెట్టింది. పక్క బల్లలవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. సయీదా గౌను చేతులు మోచేతుల దాకా మడుచుకుని, చేప తలకాయ తన పళ్లెంలోకి లాక్కుంది.