తెల్వదని రాయమన్న అక్క

మా పెద్దక్క పోయిన కబురు పెద్దక్క ఫోన్ నుంచే వచ్చింది. పొద్దున ఆఫీసు గేటు దగ్గర ఆటో దిగి చూస్తే మా నర్సుల గ్రూపులో కొత్త మెసేజి మీద ఆమె పేరే కనపడింది. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి అందులో ఆమె మాట లేదు కదా, హమ్మయ్య, కోలుకున్నట్టుందని సంతోషంగా తెరిచాను. "నేను ఆమె కోడల్ని. అత్తమ్మ పొద్దుగాల పోయింది. నార్సింగి ఇంటికి తెస్తున్నం" అని ఉంది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఇక నేను అడిగితే ఎవరు పలుకుతారు?

మా గ్రూపు సంగతి తెలిస్తే గానీ ఈ భయం మీకు అర్థం కాదు. హైటెక్ సిటీ నుంచి కోకాపేట దాకా ఉన్న అద్దాల మేడల్లో, ప్రతి పెద్ద ఆఫీసులోనూ ఏదో ఒక మూల మెడికల్ రూమ్ అని ఒక గది ఉంటుంది. ఒక మంచం, బీపీ మిషను, ఆక్సిజన్ సిలిండరు, మందుల బీరువా, ఒక నర్సు. డాక్టరుగారు కాసేపు వచ్చి వెళ్తారు, మిగతా వేళల్లో ఫోన్‌లో దొరుకుతారు. వేలమంది పనిచేసే ఆ మేడలో ఎవరికి కళ్లు తిరిగినా, ఎవరికి ఊపిరాడకపోయినా తీసుకొచ్చేది ఆ గదికే. ఆసుపత్రి వార్డులో మన చెయ్యి వణికితే పక్కన ఇంకో సిస్టర్ ఉంటుంది. ఇక్కడ పక్కన ఉండేది నీళ్ల డబ్బా. అలాంటి ఒంటి నర్సులందరినీ వెతికి వెతికి ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చిన మనిషి మా పెద్దక్క.

ఆమె సొంతూరు నార్సింగే. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో సగం జీవితం పనిచేసి, అది మూతపడ్డాక ఇటు గచ్చిబౌలి ఆఫీసుల్లోకి వచ్చింది. "ఆడ వేలు తెగినోడు వస్తుండె, దెబ్బ కండ్లకు కనిపిస్తుండె. ఈడ నిద్ర లేనోడు వస్తడు. ఏడ తెగిందో వానికే తెల్వదు" అనేది. ఆ మాట ఎంత నిజమో నాకు ఉద్యోగంలో చేరిన వారంలోనే తెలిసింది. నేను నంద్యాల వైపు దాన్ని. ఐసీయూలో పనిచేసొచ్చాను, ఇక్కడ తలనొప్పి మాత్రలు ఇవ్వడం ఎంతసేపు అనుకున్నాను. ఒకమ్మాయి వచ్చి కూర్చుని, ఏమైంది తల్లీ అంటే చెప్పకుండా వెక్కివెక్కి ఏడ్చింది. ఐసీయూ చదువంతా ఎటు పోయిందో! అప్పుడు ఎవరో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, పేషెంటు సంగతి కంటే ముందు, "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగింది పెద్దక్క. ఎవరు ఏ కష్టం మీద ఫోన్ చేసినా ఆమె మొదటి ప్రశ్న అదే. తినకుండా ఉన్న నర్సు మాట నమ్మొద్దనేది.

ఆమెకు టైపు చెయ్యడం అంటే విసుగు. అన్నీ వాయిస్ మెసేజీలే. ముందు గొంతు సవరించుకుని, "ఆ, నేను మాట్లాడుతున్న" అని మొదలుపెట్టేది, ఇంకెవరో అనుకుంటామేమోనన్నట్టు. వెనకాల బస్సు హారన్లు, కండక్టరు కేకలు. గ్రూపులో ఆమెవి రెండే పట్టింపులు ఉండేవి. ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యాలి, ఆ తర్వాతే ఇక్కడ రాయాలి. పేషెంటు పేరు, కంపెనీ పేరు ఎక్కడా రాకూడదు. "మనిషి పేరు మన కడుపులనే ఉండాలె" అనేది. పొరపాటున ఎవరైనా రాస్తే అది తీసేదాకా వాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు.

మూడో పట్టింపు ఒక బొటనవేలు వల్ల వచ్చింది.

కోకాపేటలో ఒక సిస్టర్ ఉండేది, కొత్తగా చేరిన పిల్ల. ఒకరోజు ఒకతను ఛాతీలో మంటగా ఉందని వచ్చాడు. గ్యాసే, మీటింగుంది, మందిచ్చి పంపెయ్యమన్నాడు. డాక్టరు ఫోన్ కలవలేదు. "గ్యాస్ మందు ఇచ్చి పంపించనా?" అని గ్రూపులో రాసింది ఆ అమ్మాయి. అదే సమయానికి ఎవరో తమ పాప పుట్టినరోజు ఫోటో పెట్టి ఉన్నారు. మాదాపూర్ సిస్టర్ ఆ ఫోటోకని పంపిన బొటనవేలి బొమ్మ సరిగ్గా ఈ ప్రశ్న కింద పడింది. పంపమన్నారని ఈ పిల్ల పంపేసింది.

బస్సులో ఉన్న పెద్దక్క అది చూసింది. చూసి టైపు చేస్తూ కూర్చోలేదు, ఫోన్ చేసింది. "ఏడున్నడు ఆ పిలగాడు? ఉరుకు. మీటింగుల ఉన్నా సరే, పట్టుకొచ్చి పండబెట్టు" అంది. కోకాపేట సిస్టర్ ఆ మీటింగు గది తలుపు తోసుకుని వెళ్లి అతన్ని తీసుకొచ్చింది. అంబులెన్సు ఎక్కించారు. గుండెపోటని తేలింది. బతికాడు.

ఆ సాయంత్రం గ్రూపులో ఏడుపులే ఏడుపులు. ఒకామె ఉద్యోగం మానేస్తానంటుంది, ఇంకొకామె గ్రూపులోంచి వెళ్లిపోతానంటుంది. పెద్దక్క గొంతు సవరించుకుంది. ఆ మెసేజి నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది.

"ఆ, నేను మాట్లాడుతున్న. బొటనవేలు పంపినామెది తప్పు గాదు. పిలగాన్ని పంపినామె మీద పడకుండ్రి. ఆమె అడిగినప్పుడు మనం ఇంతమందిమి చదివి ఊకున్నం, అది తప్పు. ఇయ్యాల్టి సంది బొమ్మలు బంద్. దండాలు గుడిల పెట్టుండ్రి, ఈడ మాట పెట్టుండ్రి. తెలిస్తె తెలుసని రాయుండ్రి. తెల్వకుంటె తెల్వదని రాయుండ్రి. తెల్వదన్నా సరే, ఎవలో ఒకలు ఇన్నరని ఆమెకు ధైర్యం ఉంటది."

వినడానికి ఎంత తేలికగా ఉంది! రాయాలంటే మా తాతలు దిగొచ్చారు. నర్సింగు చదివేటప్పుడే మాకు నోరు కట్టేస్తారు. తెలియదంటే తిట్లు, తెలుసంటే నీకెందుకని తిట్లు. అందుకని ఏమీ అనకుండా తలూపడం అలవాటైపోతుంది. కొన్నాళ్లు ఎవరమూ రాయలేదు. అడిగిన ప్రతిదానికీ ఆమె ఒక్కతే, ఆమెకు పడని టైపింగే అయినా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "తెల్వదు. జర ఆగు, కనుక్కుంట" అని రాసేది. తెలిసినవాటికీ రాసిందేమోనని నాకు అనుమానం. చివరికి కాకినాడ నుంచి వచ్చిన ఒక సిస్టర్ "నాకూ తెలియదండి" అని రాసింది. దాని కింద నేను "నాకు కూడా తెలీదు" అన్నాను. సిగ్గు వదిలింది.

ఆ మాట విలువ నాకు తెలిసొచ్చింది మాత్రం ఒకతను నా మంచం మీద ఫిట్స్‌తో కొట్టుకుంటున్న రోజున. అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సుకూ డాక్టరుకూ ఫోన్ చేశాను. వాళ్లొచ్చేలోగా ఇంకేం చెయ్యాలని గ్రూపులో అడిగాను. వరసగా వచ్చాయి. తెల్వదు. తెలియదండి. తెలీదక్కా. నాకూ తెల్వదు, కానీ ఫోన్ పెట్టెయ్యకు. ఒకటి తర్వాత ఒకటి చదువుతుంటే, అంత పరేషాన్‌లోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వగానే బుర్ర పనిచేసింది, అతని తల కింద దిండు పెట్టాను. వాటి కిందే తెలిసినామె కూడా రాసింది. ఈలోగా అంబులెన్సు వచ్చింది.

పోయిన నెల ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎట్లుందక్కా అని అడిగాను. "నాకు తెల్వదు బిడ్డా, డాక్టరుకు తెల్వాలె గద" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆయాసం. నాకు భయమేసి, లోపలున్నది అడిగేశాను. మీరు లేకపోతే గ్రూపును ఎవరు చూసుకుంటారక్కా అని.

"నేనేం జేస్తున్న? మీరే అడుగుతరు, మీరే చెప్తరు. నేను నడుమ గొంతు సవరించుకుంట, అంతే" అంది.

నేను నమ్మలేదు. మేమెవరమూ ఒకరి ముఖం ఒకరం చూసినవాళ్లం కాదు. ఫోన్‌లో మా బొమ్మలన్నీ పిల్లలవీ, దేవుళ్లవీ, పూలవీ. ఎవరు ఏ మేడలో ఉన్నారో, ఎవరికి పెళ్లయిందో, ఎవరి అమ్మకు బాగాలేదో ఆమె ఒక్కదానికే తెలుసు. కోడలి మెసేజి కింద కాకినాడ సిస్టర్ రాసింది, "అక్క లేని గ్రూపు ఎందుకండి, మూసేద్దాం" అని. నేను కాదని రాయలేకపోయాను.

సగం రోజు సెలవు పెట్టి నార్సింగి వెళ్లాను. అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కున్న చిన్న ఇల్లు, వాకిట్లో షామియానా. చుట్టాలెవరో, ఇరుగుపొరుగెవరో, మా గ్రూపువాళ్లు అసలు వచ్చారో లేదో నాకు తెలియదు. ఎవరినీ అడగాలనిపించలేదు. గోడ వారగా నిలబడి పెద్దక్క ముఖం చూస్తూ ఏడ్చాను. గొంతు తెలుసు గానీ, ముఖం చూడటం అదే మొదలు. పెద్దాయన, ఆమె భర్త, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదని ఎవరో అంటున్నారు.

పెద్దక్కను పాడె మీదికి లేపుతుండగా ఆయన లేచి రెండడుగులు వేసి, కుప్పకూలాడు.

నేను ఎప్పుడు ఉరికానో నాకే తెలియదు. కుడి మణికట్టు అందుకునేసరికి అక్కడ అప్పటికే ఇంకెవరివో వేళ్లున్నాయి. ఎడమ చేతి దగ్గరా అదే గతి. ఒకామె కాళ్లు పైకెత్తి తన ఒళ్లో పెట్టుకుంది. ఒకామె చొక్కా గుండీలు విప్పుతూ, జనాన్ని గాలి వదలమని గట్టిగా చెబుతోంది. ఒకామె ఇంట్లోకి వెళ్లి, ఆయనకు షుగరుందా అని కోడల్ని అడిగొచ్చింది. షామియానా నలుమూలల నుంచి వచ్చి ఆయన చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్న ఆడవాళ్లం, నాడి లెక్క కోసం అందరం వాచీలు చూస్తున్నాం.

ముందు తలెత్తింది నా ఎదుట ఉన్న పిల్ల.

"కోకాపేట" అంది, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని.

"మాదాపూర్ అండి" అంది కాళ్లు పట్టుకున్నామె. నా మేడ పేరు నేను చెప్పాను. పేర్లు ఒకరి తర్వాత ఒకరం చెబుతూనే ఉన్నాం, ఏడుస్తూనే ఉన్నాం.

పెద్దాయన కళ్లు తెరిచాడు. మా ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. "ఎవలు బిడ్డా మీరంత?" అన్నాడు.

ఆయన నాడి అప్పటికే సర్దుకుంది. అయినా ఆ చేతుల్ని ఎవరమూ వదల్లేదు.