ఆఫీసరుగారి నిమ్మనీళ్ళు

ఎనభైల్లో ఖరగ్‌పూర్‌లో మా తెలుగు మీడియం బడిలో అమ్మ టెంపరరీ సైన్సు టీచరు. ఒక బెంగాలీ ఆఫీసరు వచ్చి, పాఠం చూసి, అమ్మను ఉంచాలో పంపాలో తేల్చేస్తాడన్నారు. ఆ క్లాసులోనే నేనూ చదివేదాన్ని.

నీటిని కరెంటుతో విడగొట్టి చూపిస్తానంది అమ్మ. పరికరం తనే చేసుకుంది. ప్లాస్టిక్ డబ్బా అడుగున పాత టార్చి సెల్లుల్లోని నల్ల కడ్డీలు రెండు గుచ్చి, చుట్టూ మైనం పూసి, వాటిమీద గాజు గొట్టాలు బోర్లించింది. ముందురోజు తాల్‌బగీచా పేటలో మా ఇంట్లో కుళాయి నీళ్ళు పోసి బ్యాటరీ తగిలిస్తే సన్నటి బుడగలు లేచాయి. అబ్బ, ఎంత ముద్దొచ్చాయో! ఒక గొట్టంలో హైడ్రోజన్, రెండోదాంట్లో ఆక్సిజన్. తాగే నీళ్ళలో మండే గాలి ఉందంటే నేను ఇప్పటికీ నోరెళ్ళబెడతాను.

రైల్వే ఎలక్ట్రికల్ ఆఫీసులో గుమాస్తా అయిన నాన్నకు మాత్రం నచ్చలేదు.

"ఆఫీసరొస్తే కుళాయి నీళ్ళేటే? పరువు పోద్ది," అని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు తెచ్చాడు. "సూడు, ఒక్క నలకున్నా నా పేరు మార్సుకుంటాను!"

క్లాసులో అమ్మ ఆ నీళ్ళే పోసి తీగలు తగిలించింది. ఒక్క బుడగ లేదు.

"టీచరు, ఏటీ అవట్లేదు," అన్నాడొకడు. వాడి పీక పిసకాలనిపించింది. ఆఫీసరు వాచీ చూసుకుని లేవబోయాడు.

అమ్మ డబ్బావైపే చూస్తోంది. అంతా నిన్నటిదే, నీళ్ళొక్కటే మారాయి. ఆ వేళప్పుడు బడి కుళాయిలో చుక్క రాదు. ఆఫీసరు ముందు ఉప్పేసిన నిమ్మనీళ్ళ గ్లాసు ఉంది.

"మాఫ్ కీజియే సర్," అంటూ గ్లాసెత్తి డబ్బాలో ఒంపేసింది. గొట్టాలు మళ్ళీ నింపి బోర్లించింది. బిలబిలమని బుడగలు! కాసేపటికి హైడ్రోజన్ గొట్టం పైకి తీసి, మూతి దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్పుమంది. పిల్లలం ఒకటే కేకలు.

"మొదట ఎందుకు రాలేదు?" అని హిందీలో అడిగాడు ఆఫీసరు.

"బ్యాటరీ లూజు సర్," అన్నాడు హెడ్మాస్టరు గభాలున.

"కాదు సర్, తప్పు నాదే. మరీ శుభ్రమైన నీళ్ళలో కరెంటు పారదని నాకు ఇప్పుడే తెలిసింది," అంది అమ్మ. నోరు మూసుకుంటే ఏం పోయేది తల్లీ అని నేను లోపల ఏడుస్తున్నాను. అయినా ఖరగ్‌పూర్ మొత్తంలో అలాంటి మొనగత్తె లేదనీ అనిపించింది.

"ఠీక్ హై. ఫిర్ సే దిఖాయియే," అని మళ్ళీ చూపించమంటూ ఆఫీసరు కూర్చున్నాడు. ఈసారి అగ్గిపుల్ల తనే గీశాడు. టప్పుమనగానే చిన్నపిల్లాడిలా నవ్వి, హెడ్మాస్టరుతో, "ఈ దీదీ ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

అంతసేపూ గట్టిగా పట్టుకున్న అమ్మ చేతిలోంచి అప్పుడు గాజు గొట్టం జారి భళ్ళున పగిలింది.