దెబ్బలు కనిపించని సీను

మా బాబాయిని స్టూడియోలో అందరూ ‘దెబ్బలాయన’ అనేవారు. హీరో చేతిలో తన్నులు తినడమే ఆయన ఉద్యోగం. గాజు తలుపులు పగలగొట్టుకుంటూ పడ్డాడు, మెట్ల మీంచి దొర్లాడు, గుర్రపు డెక్కల కింద నలిగాడు. మాది నల్లవాళ్ళ పేట. సినిమాలో దొంగైనా, తాగుబోతైనా, ఆడపిల్లని ఏడిపించేవాడైనా మా రంగులోనే ఉండాలి. వాణ్ణి చావగొట్టే హీరో తెల్లగా ఉండాలి.

“నా మొహం చూస్తే చాలు, జనానికి చేతులు దురదపెడతాయే!” అని నవ్వేవాడు బాబాయి. పిన్ని నవ్వేది కాదు. ఆయన వీపుకి కాపడం పెడుతూ, “ఉత్తుత్తి దెబ్బలకి ఇంత వాపేమిటో!” అని సణిగేది.

నేను ఎడిటింగ్ గదిలో పనికి చేరిన ఏడాదే, తెల్లవాళ్ళ బజారులో మా పేట మెకానిక్‌ని చంపేశారు. పట్టపగలు, వందమంది చూస్తుండగా. స్కూటరు దొంగ అన్నారు. ఇనపరాడ్లతో మోకాళ్ళు విరగ్గొట్టి, పాకుతుంటే తలమీద తొక్కారు. ఆ స్కూటరు అతను బాగుచెయ్యడానికి తీసుకెళ్తున్నదే. కోర్టులో మాత్రం ఒక్కరూ కొట్టినవాళ్ళని చూడలేదన్నారు.

ఆ కథని సినిమాగా తీస్తానని ఒక డైరెక్టరమ్మ వచ్చింది. ఆవిడా తెల్లావిడే. కానీ మెకానిక్ భార్య పక్కన నేలమీద కూర్చుని అంతా విన్న మనిషి. మెకానిక్ వేషం బాబాయికిచ్చింది. జన్మకి మొదటిసారి ఆయనకి మాటలున్న వేషం దొరికింది.

చంపే సీను కత్తిరింపు లేకుండా ఒకే షాటులో తియ్యాలని ఆవిడ పట్టుదల. “మధ్యలో కట్ చేస్తే, చూసేవాళ్ళకి ఊపిరి పీల్చుకునే సందు ఇచ్చినట్టే” అంది. ఒక కెమెరా గుంపు వెనక నిలబడి, భుజాల మీదుగా బాబాయిని చూస్తుంది. ఇంకొకటి ఆయన పక్కనే నేలమీద ఉండి, పైకి గుంపు మొహాలు చూస్తుంది. గుంపు వేషాలకి ఆ బజారువాళ్ళనే తెచ్చారు. అందులో ఒక బస్సు కండక్టరు ఉన్నాడు. రాడ్లన్నీ రబ్బరువి. ఓర్చుకోలేకపోతే బాబాయి అరచేత్తో నేల చరుస్తాడు, అందరూ ఆగిపోవాలి. ఫైట్లవాళ్ళ కట్టుబాటది.

మొదట అంతా నేర్పినట్టే సాగింది. ఇంతలో గుంపులోంచి ఎవడో, “చంపండ్రా మసిమొహం గాణ్ణి!” అని అరిచాడు. ఆ మాట స్క్రిప్టులో లేదు. కండక్టరు రాడ్డు పారేసి, బూటుకాలితో డొక్కలో నిజంగానే తన్నాడు. మిగతావాళ్ళకీ పూనకం వచ్చింది. బూట్లు రబ్బరువి కావుగా! ఎడిటింగ్ గది తరఫున సెట్‌కి వెళ్ళిన నాకు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. బాబాయి నేల చరిచాడు. మళ్ళీ చరిచాడు. ఆ చేతినే మడమతో తొక్కారు. నోట్లోంచి నెత్తురు బుడగలు కక్కుతున్నాడు. డైరెక్టరమ్మ మానిటరు ముందు కొయ్యబారి నిలబడింది తప్ప కట్ చెప్పలేదు. చివరికి ఫైట్ మాస్టరు దూకి, ఒక్కొక్కణ్ణి జుట్టుపట్టి ఈడ్చేశాడు.

పక్కటెముకలు విరిగాయి, దవడ పక్కకి తిరిగింది, వేళ్ళు నుజ్జయ్యాయి. పిన్నీ నేనూ పోలీసుల దగ్గరికి వెళ్తే, “నటనలో తగిలిన దెబ్బకి కేసేమిటమ్మా?” అని నవ్వారు.

డైరెక్టరమ్మ ఆసుపత్రికి వచ్చింది.

“నేల చరిచాను కదమ్మా” అన్నాడు బాబాయి కట్టిన దవడలోంచి.

“చూశాను.” ఆవిడ తల ఎత్తలేదు. “అంత నిజంగా వస్తుంటే ఆపబుద్ధి కాలేదు.”

పిన్ని లేచి ఆవిడ చెంప ఛెళ్ళుమనిపించింది. “నిజం కావాలంటే బజారుకి పో. నీకు మా మనిషే దొరికాడా?” అంది. నర్సు పరుగెత్తుకొచ్చింది. డైరెక్టరమ్మ చెంప తడుముకోకుండా నిలబడి, “ఆ రీలు మీరు తగలబెట్టమంటే తగలబెడతాను” అంది.

తగలబెట్టేముందు ఒకసారి చూస్తానని, దవడకట్టు విప్పాక బాబాయి ఎడిటింగ్ గదికి వచ్చాడు. మొదటి కెమెరా తీసింది వేశాను. ఫైట్లకి మామూలుగా కలిపే డప్పుల మోతని అప్పటికే డైరెక్టరమ్మ అందులోంచి తీసేయించింది. బాబాయి కాసేపు చూసి తన ఒళ్ళోకి చూసుకున్నాడు.

“ఆపవే. నా పిడికిలి చూడు, ఎలా బిగుసుకుందో! తన్నులు తిన్నది నేనే, అయినా నాకే ఇంకోటి వెయ్యాలనిపిస్తోంది. కెమెరా వాళ్ళ వెనక నిలబడింది కదా, చూసేవాడూ గుంపులో కలిసిపోతాడు. ఇన్నేళ్ళూ నన్ను ఇటునుంచే తీశారు.”

రెండోది వేశాను. మొహాలే. తన్నేముందు కండక్టరు పెదవి తడుపుకున్నాడు, ఆకలిమీద విస్తరి ముందు కూర్చున్నవాడిలా.

“ఇది పెట్టండి. నేనక్కర్లేదు.”

“మిమ్మల్ని చూపించకపోతే జాలి ఎలా పుడుతుందండీ?” అంది వెనక నిలబడ్డ డైరెక్టరమ్మ.

“మెకానిక్ ఇంటికి జాలి బస్తాలకొద్దీ వచ్చిందమ్మా. కొట్టినవాళ్ళనే ఎవరూ చూడలేదన్నారు.”

ఆవిడ చాలాసేపు వాదించింది. ఆఖరికి ఒప్పుకుంది. తెరమీద మొహాలు, కింద దెబ్బల చప్పుడు, నేల చరిచిన చప్పుడు. అంతే ఉంచాం.

మొదటి ఆట మధ్యాహ్నం వేశారు. ఆ సీను వచ్చేసరికి, “అదిగో, మన కండక్టరు!” అని ఎవరో అరిచారు. వెనక వరుసలోంచి కండక్టరే లేచాడు. కుర్చీ పెకిలించి తెరమీదికి విసిరాడు. వాడి స్నేహితులు సోడాసీసాలు పగలగొట్టి మా పేటవాళ్ళ మీద పడ్డారు. ఒకడు పిన్ని నుదురు చీల్చాడు. బాబాయి కండక్టరు కాలరు పట్టుకుని, గోడకి ఆనించి, మొహంమీద ఒక్కటే గుద్దాడు. బతుకంతా గాలిలో గుద్దిన మనిషి, మొదటిసారి తగిలేలా గుద్దాడు. కండక్టరు మూతి చితికిపోయింది, పళ్ళు రాలాయి.

పోలీసులు వచ్చి బాబాయినే ఈడ్చుకెళ్ళారు. ఆ గుద్దుకి ఏడాది జైలు పడింది. “అది నటన కాదులెండి, ఒప్పుకుంటున్నా” అన్నాడట జడ్జిగారితో. షూటింగులో తన్నినందుకు కండక్టరు మీద మేం వేసిన కేసులో మా లాయరు ఆ రీలునే కోర్టులో వేయించాడు. నటన ఎక్కడ ఆగిందో, తన్ను ఎక్కడ మొదలైందో జడ్జి కళ్ళారా చూశాడు. కండక్టరుకి కూడా శిక్ష పడింది, ఉద్యోగం ఊడింది. మెకానిక్ కేసు మాత్రం మళ్ళీ తెరవలేదు. అతని భార్య ఇప్పటికీ అర్జీలు పెడుతూనే ఉంది.

జైలునుంచి వచ్చాక బాబాయి దెబ్బలు తినే వేషం ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. ఇప్పుడు ఫైట్ మాస్టరు. కట్ చెప్పే హక్కు తనక్కూడా రాసిస్తేనే సెట్లో అడుగుపెడతాడు. డైరెక్టరమ్మ కొత్త సినిమాకి పిలిస్తే వెళ్ళాడు. పిన్ని మటుకు ఆవిడతో ఇంతవరకూ మాట్లాడలేదు.