మోకాటి లోతు

ఎదురింటి మేడ మీద ట్యాంకు నిండి నీళ్లు ధారగా కిందపడే చప్పుడు వినిపిస్తే నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాదు. వెళ్లి మోటారు ఆపమని చెప్పి వస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. ఆ నీళ్లు నావి కావు, సిగ్గు మాత్రం నాదే. దాన్ని నాకు అంటించినవారు నారాయణప్ప సారు.

పామిడి బడిలో ఆయన భూగోళం చెప్పేవారు. నేను డెబ్బైల చివర్లో కొత్తగా చేరిన లెక్కల పంతులును. పెన్న ఒడ్డున పుట్టి కూడా ఆ నీళ్లలో ఒక్కసారీ నిండా మునగలేదని ఆయనకు తీరని దిగులు. మా దగ్గర ఏటి నిండా ఇసుకే కదా. ఆ మునక కోసమే ఒక వేసవి సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని, నంది కొండల్లో పెన్న పుట్టినచోటు నుంచి సముద్రం దాకా నడవడానికి బయల్దేరారు. దారిలో చాలాచోట్ల చెలమలే మాకు దిక్కు. ఇసుక తవ్వి, ఊరిన బురదనీళ్లు తోడి పారబోసి, తేటపడ్డాక తాగేవాళ్లం. వెనక వచ్చేవాళ్ల కోసమని, మేకలు తొక్కకుండా చెలమ మీద ముళ్లకంప కప్పనిదే సారు కదిలేవారు కాదు. ఈ ఎండలో మన వెనక ఎవరొస్తారని నేను విసుక్కునేవాణ్ణి.

నెల్లూరు ఆనకట్ట ఎగువన నిండు పెన్న కనబడగానే సంచి పారేసి దూకేశాను. గడ్డం దాకా నీళ్లు. కేకలు పెడుతూ తిరిగి చూస్తే, సారు ఒడ్డున గొంతుకూర్చుని ఇసుకలో చెలమ తవ్వుతున్నారు. బట్టలు ఉతుక్కునేవాళ్లు ఆయన్ని చూసి నవ్వుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇంత దూరం వచ్చింది దీనికే కదా సార్, రాండి" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "మన బడి పిల్లోళ్లు ఈ పొద్దు గూడా బిందెలు పెట్టుకోని చెలమకాడ కాచుకోనుంటారప్పా. నేనీడ మునిగి, ఆడికి పోయి వాళ్ల మొగం ఎట్ల చూసేది? సిగ్గైతాండాది."

నేను ఒడ్డెక్కాను. ఒంటి మీద నీళ్లు ఆరేదాకా ఆయన వైపు చూడలేకపోయాను. సారు దోసెడు చెలమనీళ్లు తాగి, పక్కనే ఏరు నిండుగా ఉన్నా, చెలమ మీద కంప కప్పి లేచారు. సముద్రం దగ్గరా అంతే. దండం పెట్టుకుని వెనుదిరిగారు.

బడి తెరిచిన రోజు పిల్లలు చుట్టుముట్టి, నెల్లూరు పక్క ఏట్లో నీళ్లు ఎంత లోతున్నాయని అడిగారు.

"దిగింది ఈ సారు. ఈయన్నే అడగండి" అన్నారు నారాయణప్ప సారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

ఎండకు పెదాలు పగిలిన ఆ మొహాల ముందు, లెక్కల పంతులునై ఉండీ, నా చెయ్యి గడ్డం దాకా లేవలేదు. వంగి మోకాలు చూపించాను.

సారు పోయి చాలా ఏళ్లయింది. ఆ పిల్లలకూ పిల్లలు పుట్టారు. ఇప్పటికీ ఎవరైనా పెన్నలో అప్పుడు ఎంత లోతుందని అడిగితే, నా చెయ్యి మోకాలి దగ్గరికే పోతుంది.