అనంతగిరిలో ఆ శనివారం

మొన్న శనివారం పొద్దున్నే కొత్తగూడలో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తుంటే కింద రోడ్డు పక్కన పొడవాటి తెల్ల వ్యాను ఒకటి ఆగి ఉంది. దాని చుట్టూ ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పిల్లలు, పిల్లలంటే పాతికేళ్ల ఉద్యోగస్థులేలెండి, నీళ్ల సీసాలూ చిప్స్ ప్యాకెట్లూ లోపలికి అందించుకుంటున్నారు. వాళ్లలో మా పై ఫ్లాటు అమ్మాయి కూడా కనిపిస్తే ఎక్కడికని అడిగాను. అనంతగిరికి ఆంటీ, మా టీమంతా కలిసి సొంతంగా బండి మాట్లాడుకున్నాం, సాయంత్రానికల్లా వచ్చేస్తాం అని తలెత్తి నవ్వుతూ చెప్పింది. క్షేమంగా వెళ్లి రండమ్మా అన్నాను గానీ, ఆ బండి మలుపు తిరిగి కనుమరుగయ్యాక లోపలికి వచ్చి చేతిలో బట్టలతోనే కుర్చీలో కూలబడ్డాను. కాఫీ చల్లారిపోతోందని మా ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మీలో నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, హైటెక్ సిటీ అంటే ఇంకా సగం బండరాళ్లూ సగం అద్దాల మేడలూ అయిన రోజులు. కొత్తగూడ కూడలిలో అప్పటికి ఫ్లైఓవర్ లేదు, ఎండాకాలంలో రాళ్లు పేల్చే చప్పుడుకు ఆఫీసు కిటికీలు గడగడలాడేవి. మేము భీమవరం వైపు నుంచి వచ్చి ప్రగతి నగర్‌లో చెరువుకు దగ్గరగా రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మా ఆయనకు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఆయన ఇంటికి వస్తే చొక్కాకు అంటుకున్న మందుల వాసన గదంతా నిండేది. అది పోగొట్టడానికి నేను పడని పాట్లు లేవు, అది వేరే కథ. నాకు మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని దొరికింది. నాకు కంప్యూటర్ భాషలేవీ రావు. హాజరు చూడటం, బళ్లు మాట్లాడటం, టీ కాఫీలు, కొత్తగా చేరిన వాళ్లకు హాస్టళ్లు వెతికిపెట్టడం, ఇలా ఇల్లు నడిపినట్టే ఆఫీసు నడిపేదాన్ని. ఒక అంతస్తులో సగం మాది, నిండా పాతికమంది లేము, అందరూ నన్ను అక్కా అనేవారు.

మా మేనేజరు గారు యాభై దాటిన మనిషి. మాది కోనసీమ అని చెప్పుకునేవారు గానీ చదువూ ఉద్యోగమూ అన్నీ ఊళ్లు తిరిగే గడిచిపోయాయట. గట్టిగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. ఎవరి పనిలోనైనా తప్పు కనబడితే వాళ్ల కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఇది ఇలా ఎందుకు వచ్చిందో చూద్దామా అండి అని, తన తప్పే అయినట్టు మొదలుపెట్టేవారు.

ఇక అక్కడ ఒక అమ్మాయి ఉండేది. ఆఫీసులో అందరికంటే చిన్నది. వాళ్లది పరిగి దగ్గర ఊరు, భూమి చాలక నాన్న జీడిమెట్లకు వచ్చి రసాయనాల ఫ్యాక్టరీలో కూలికి కుదిరాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది ఈ పిల్లే. మొదటి జీతం వచ్చిననాడు ఆఫీసులో అందరికీ తలా ఒక జిలేబీ పంచి, చివరికి తనకు మిగల్లేదని నవ్వుకుంటూ కూర్చుంది. నాకు తోడబుట్టిన చెల్లెళ్లు లేరు, ఆ పిల్లే చెల్లెలనుకున్నాను.

ఆ వానాకాలం చివర్లో ఒక గురువారం సాయంత్రం మేనేజరు గారు నన్ను పిలిచి, శనివారం అందరం కలిసి అనంతగిరి వెళ్లి వద్దామమ్మా, పొద్దున వెళ్లి సాయంత్రం రావడమే, ఖర్చు నాది, కంపెనీకి చెప్పాల్సిన పని లేదు అన్నారు. కారణం అడగలేదు. ఎప్పటినుంచో పిల్లలు పోరుతున్నారు, సరేనన్నారు కాబోలు అనుకున్నాను. బండి మాట్లాడాను, కొండమీది రిసార్టులో పగటికి రెండు గదులూ ఒక చావడీ మాట్లాడాను, పులిహోరా పెరుగన్నమూ చేయించాను. వంట గిన్నెలు వ్యానులో పట్టకపోవడంతో మేనేజరు గారి కారు వెనక సీట్లో పెట్టి, అవి ఒలకకుండా చూసుకోవడానికి నేను ఆయన పక్కన ముందు సీట్లో కూర్చున్నాను.

చేవెళ్ల దారి అప్పట్లో ఎంత అందంగా ఉండేదో చూసిన వాళ్లకే తెలుసు. రెండు పక్కల చెట్లూ పైన కొమ్మలు కలుపుకుని, కింద రోడ్డు మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుండేది. ముందు వెళుతున్న వ్యానులోంచి పాటలు వినిపిస్తున్నాయి. ఆ నీడలోకి వచ్చాక ఆయన కారు వేగం తగ్గించి, నా వైపు చూడకుండా అన్నారు.

“సోమవారం నుంచి మన ఆఫీసు ఉండదమ్మా.”

“వేరే బిల్డింగులోకి మారుతున్నామా సార్?” అని అడిగాను. నాకు తోచింది అదే. సామాను ఎవరు సర్దాలి, లారీ ఎక్కడ మాట్లాడాలి అని అప్పుడే లెక్కలు మొదలుపెట్టేశాను కూడా.

ఆయన తల అడ్డంగా ఊపారు. అమెరికాలో మాకు పనిచ్చే కంపెనీ దెబ్బతిన్నదనీ, ఇక్కడి ఆఫీసు పూర్తిగా ఎత్తేస్తున్నారనీ, సోమవారం అక్కడినుంచి ఇద్దరు పెద్దలు వచ్చి అందరికీ చెబుతారనీ, అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదని తన దగ్గర మాట తీసుకున్నారనీ ముక్కలు ముక్కలుగా చెప్పారు. మరి ఈ ప్రయాణం ఎందుకు సార్ అంటే, ఒక్కరోజైనా అందరూ కలిసి సంతోషంగా ఉంటే చూద్దామనుకున్నానమ్మా అన్నారు. మరి నాకెందుకు చెప్పారు అంటే, రెండు రాత్రులు మోశాను, ఇంక ఒక్కణ్ణే మొయ్యలేకపోయాను అన్నారు. నా ఉద్యోగమూ పోయిందన్న సంగతి నాకు వికారాబాదు దాటాక గానీ తట్టలేదు.

కొండ ఎక్కాక ఆ రిసార్టు ఎలా ఉందో, లోయలో ఎంత పచ్చదనం ఉందో నన్ను అడిగితే చెప్పలేను. పిల్లలు వాలీబాల్ నెట్ కట్టారు. కొందరు గుడికి వెళ్లి వచ్చారు. ఇక్కడే మూసీ పుట్టిందట అని ఒకరు చెబితే, ఇంత శుభ్రంగా పుట్టి మన దగ్గరికి వచ్చేసరికి అలా అయిపోయిందా అని ఇంకొకరు నవ్వారు. ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చి, దసరాకు పెళ్లిచూపులున్నాయక్కా, నాలుగు రోజులు సెలవు ముందే రాసుకోండి అని చెప్పి వెళ్లాడు. సరే రాసుకుంటాను అన్నాను. ఏం చేయను, నవ్వుతూనే అన్నాను.

భోజనాలకు ముందు ఆ అమ్మాయి వచ్చి నా పక్కన రాతిమీద కూర్చుంది.

“ఏందక్కా, గిట్ల ఒక్కదానివే కూసున్నవ్? పానం మంచిగ లేదా?”

తలనొప్పి అన్నాను. కాసేపు నా నుదురు నొక్కి, తర్వాత మెల్లగా తన సంగతి చెప్పింది. మా పక్క భవనంలోని పెద్ద కంపెనీ వాళ్లు తనను ఉద్యోగానికి ఎంచుకున్నారట. చేరేదీ లేనిదీ ఈ సాయంత్రం లోపల చెప్పాలట. నాన్న వెళ్లమంటున్నాడట, తనకే మనసు రావడం లేదట.

“మీ అసుంటోళ్లను ఇడ్సిపెట్టి యాడికి పోతనక్కా? రానని చెప్పేస్త.”

చేరిపోవే, మంచి అవకాశం అన్నాను. నన్ను ఎల్లగొడుతున్నవా అని నవ్వింది. గట్టిగా చేయి పట్టుకుని, నేను మళ్లీ వచ్చి నీతో మాట్లాడేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు, నా మీద ఒట్టు అంటే, నా మొహం చూసి నవ్వు ఆపి, సరే అక్కా అంది.

వాలీబాల్ ఆటలో మేనేజరు గారు అంపైరు. పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. మీరు ఎవరికో మాట ఇచ్చి ఉండవచ్చు, ఈ పిల్లకు మాత్రం ఈ క్షణమే చెప్పి తీరాలి సార్ అన్నాను. చేతిలో బంతిని అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. పిల్లలు బంతి కోసం కేకలు వేస్తున్నారు. చివరికి బంతి వాళ్లకు విసిరి, ఒక్కరికి చెప్పి మిగతా వాళ్లకు దాచడం అన్యాయమమ్మా, అందరికీ చెబుతాను, రమ్మనండి అన్నారు.

అందరినీ చావడిలోకి పోగుచేశాం. ఆ అమ్మాయి కనబడలేదు. సీతాఫలాలు కొంటానని కింద రోడ్డు మలుపు దాకా వెళ్లిందన్నారు. కొండమీద మా ఎవరి ఫోనుకూ సిగ్నల్ లేదు, పిలవడానికి వీల్లేదు. నేను చెప్పుల్లో కాలు పెట్టి గేటు దాకా వెళ్లేసరికి చున్నీ కొంగులో పళ్లు పోసుకుని తనే ఎదురొస్తోంది. ఆ మలుపులో సిగ్నల్ తగిలి ఫోను మోగిందట. ఆ పెద్ద కంపెనీ వాళ్లే చేశారట. ఇప్పుడే తేల్చి చెప్పాలి, మాకు ఆలస్యం కుదరదు అన్నారట.

“నువ్వు ఆగమన్నవ్ గని, ఆ కంపెనీ మేడం ఇనలేదక్కా. రానని చెప్పేసిన,” అంది. తప్పు చేసినదానిలా నా వైపు చూసి, అంతలోనే ఒక మాగిన పండు తీసి నా చేతిలో పెట్టింది.

చావడిలో మేనేజరు గారు కుర్చీ వద్దని, మా అందరితో పాటు చాప మీదే కూర్చుని చెప్పారు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. దసరా పెళ్లిచూపుల అబ్బాయి, మెడలో ఐడీ కార్డులు సోమవారం ఇచ్చేయాలా సార్ అని అడిగాడు. ఇంకొకరు లేచి వెళ్లి పులిహోర గిన్నెమీద మూత పెట్టారు. ఆ అమ్మాయి మాత్రం కొంగులో పళ్లతో అలాగే నిలబడి, ఆయన చెప్పింది అర్థం కానట్టు నా మొహమూ ఆయన మొహమూ మార్చి మార్చి చూసింది. తర్వాత పళ్లన్నీ నేలమీద పెట్టేసి రోడ్డువైపు పరుగెత్తింది.

నేనూ మేనేజరు గారూ వెనకాలే వెళ్లాం. మలుపు దగ్గర ఫోను పట్టుకుని అటూ ఇటూ జరుగుతూ, సిగ్నల్ దొరికిన చోట కదలకుండా నిలబడి, మేడం, నేను వస్తనండి, ఇందాకటి మాట మర్చిపోండ్రి అని బతిమాలింది. అవతలామె చాలా మర్యాదగానే మాట్లాడిందట. ఆ చోటు వరుసలో తర్వాత ఉన్న వాళ్లకు ఇచ్చేశామమ్మా, కొత్తవేవీ ఇప్పట్లో లేవు అందట. మేనేజరు గారు ఫోను తీసుకుని మొదట ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పారు. “తప్పు నాదండి. ఆ అమ్మాయికి తెలియదండి. నేను ముందే చెప్పి ఉంటే మీ దగ్గరికి వచ్చేదండి.” అండి అండి అంటూనే ఉన్నారు, అవతల ఫోను పెట్టేశాక కూడా ఇంకోసారి అన్నారు. ఆ మలుపులో ఒక పక్క అడవి, ఒక పక్క లోయ, మధ్యలో మేము ముగ్గురం. నా జీవితంలో నా చేతులు అంత ఖాళీగా ఉన్నట్టు ఇంకెప్పుడూ అనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయిని నేనే కారులోకి రమ్మన్నాను. చేవెళ్ల దగ్గరకొచ్చాక వెనక సీటులోంచి ఆమె గొంతు వినిపించింది.

“సార్, జర మెల్లగ నడుపుండ్రి. మీ చేతులు వణుకుతున్నయ్.”

ఆయన కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చారు. ముందు వెళ్లిన వ్యాను మేము రాలేదని వెనక్కి తిరిగి వచ్చి, పిల్లలందరూ దిగి, ఏం అడగాలో తెలియక రోడ్డు పక్కన చెట్ల కింద నిలబడ్డారు.

సోమవారం వచ్చిన పెద్దలు చెప్పాల్సింది చెప్పారు. ఎవరూ ఆశ్చర్యపోకపోవడం చూసి వాళ్లకు సంగతి అర్థమైంది. అంతకుముందు మేనేజరు గారికి తమ బెంగుళూరు ఆఫీసులో చోటు ఇస్తామన్నారట, మాట తప్పినందుకు అది లేదన్నారట. ఈ విషయం నాకు చాలా రోజుల తర్వాత ఆయన భార్య చెప్పింది. నేను ఒక బడి ఆఫీసులో చేరాను. ఆ అమ్మాయి ఏడాది పైగా జీడిమెట్ల బస్తీలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని, తర్వాత పుణెలో ఉద్యోగం దొరికి వెళ్లింది. అప్పుడప్పుడూ ఫోను చేస్తుంది. బాగుంది, ఇద్దరు పిల్లలు. ఆ రోజు గురించి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు.

కొన్నేళ్ల కిందట మేనేజరు గారు కొండాపూర్‌లో మందుల షాపు దగ్గర కనబడ్డారు. బాగా వంగిపోయారు. నన్ను గుర్తుపట్టి, బాగున్నారా అని కూడా అడగకుండా, ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా అమ్మా అన్నారు. వచ్చింది సార్, ఎప్పుడో వచ్చింది అన్నాను. మంచిదమ్మా, మంచిది అంటూ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇప్పుడా దారి వెడల్పయింది, కొండమీద గోడలూ గేట్లూ లేచాయి, వారాంతాల్లో కార్లు బారులు తీరుతున్నాయి. ఉద్యోగాలు అప్పుడూ పోయేవి, ఇప్పుడూ పోతున్నాయి. పోయే పద్ధతే మారింది. ఈ మధ్య మా ఎదురు ఫ్లాటు కుర్రవాడు, ఇంటినుంచే పనిచేసేవాడు, పొద్దున్నే ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని మా తలుపు కొట్టాడు. అది తెరుచుకోవడం లేదట, రాత్రి ఏదో మెయిల్ వచ్చిందట, ఫోను చేద్దామంటే ఒక్క నంబరూ పనిచేయడం లేదట. తన పై అధికారి ఎలా ఉంటాడో కూడా తనకు తెలియదట, ఎన్నడూ చూడలేదట.

“ఎవరిని అడగాలి ఆంటీ?” అన్నాడు.

లోపలికి రమ్మన్నాను. మా ఆయన కుర్చీ జరిపారు. మా రోజుల్లో కూడా అడిగితే జవాబు ఉండేది కాదు నాయనా, కానీ అడగడానికి ఎదురుగా ఒక మనిషి కూర్చునేవాడు అని చెబుదామనుకున్నాను. అది ఆ పిల్లవాడికి ఏ విధంగా ఊరట అవుతుందో తెలియక, ఊరుకున్నాను.