తువాలు నిండితే చాలు

మా హనుమకొండ ఇంటికి పాతచీరలతో బొంతలు కుట్టడానికి వచ్చే ఆమెను అందరం ఉర్దూలో పిన్నమ్మ అన్నట్టు ఖాలా అనే పిలిచేవాళ్లం. పని మొదలుపెట్టే ముందు భుజం మీది తువాలు తీసి నేల మీద పరిచేది. దాని మీద పట్టినన్ని బట్టలే ఆ రోజు ముట్టేది.

మా అత్తగారు చనిపోయిన ఏడాది, ఆడబిడ్డ కాన్పుకు వస్తున్నదని ఉత్తరం వచ్చింది. పది రోజుల్లో అత్తగారి గది ఖాళీ చేయాలి. తలుపు తీస్తే సందుగ పెట్టెలు, మూటలు, అటక నిండా చిల్లుపడ్డ గిన్నెలు. బొంతల పనికి వచ్చిన ఖాలా పక్కనే గుమ్మంలో కూలబడ్డాను.

“ఇదంతా ఎట్ల సర్దాలె ఖాలా?”

“ఇదంతా అనకు బిడ్డా. తువాల నిండేదాంక తియ్యి, నిండినంక తలుపెయ్యి. మీ అత్త దారం పోగు గూడ పారెయ్యలే. జర ఆగితే నన్ను గూడ సందుగల పెడుతుండె!”

నవ్వు వచ్చింది, చేయి కదిలింది. గిన్నెలైనా బట్టలైనా రోజుకొక తువాలు చొప్పున గది తేలికపడుతూ వచ్చింది. తొమ్మిదో రోజు ఆఖరి సందుగలో అత్తగారు పూజకు కట్టుకునే చీర తగిలింది. నా చేయి అక్కడే ఆగిపోయింది. తువాలు మీద అప్పటికి రెండే రవికలున్నాయి. ఖాలా నా ముఖం చూసి, వాటిని మూట కట్టేసింది.

“ఇయ్యాల్టికి నిండింది బిడ్డా.”

ఆ మాటకు నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఆ చీరను నేనే తెచ్చి తువాలు మీద పెట్టాను. ఖాలా దాన్ని కళ్లకద్దుకున్నది.

“మెత్తగున్నది. పుట్టే బిడ్డకు ఆనేటట్టు దీన్నే బొంతకు పైన కుడ్త.”