గంజి పట్టిన పడుగు

2023 వానాకాలం. పత్రికలో విలేకరి పని వదిలి, కోరుట్లలో పెస్ట్ కంట్రోల్ పని మొదలుపెట్టిన మూడో ఏడు. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఊళ్ల అంచున పొలాలు ప్లాట్లవుతున్న కొద్దీ నాకు ఫోన్లు పెరిగాయి. వరి పోయిన చోట పునాదులు తవ్వితే, గట్లలో ఉండే ఎలుకలకు ఇళ్లే దిక్కు.

సిరిసిల్ల శివారు కాలనీ నుంచి ఫోన్ చేసింది సలీం భాయ్ అనే దర్జీ. "మా గల్లీ ఎలుకల సర్పంచు, గా ఎదురింటి రాజవ్వ ఇంట్లనే ఉన్నది సారూ. ముందుగాల గా ఇల్లు జూడుండ్రి" అన్నాడు.

కాలనీ పుట్టకముందు నుంచీ ఉన్న ఇల్లు అది. రాజవ్వకు అరవై దగ్గర పడ్డాయి. ముందు గదిలో, కాళ్లు గుంటలో పెట్టి నేసే గుంటమగ్గం, దానిమీద నిలువుగా సాగదీసిన తెల్లటి పోగుల పడుగు, సగమే నేసింది. నాలుగేళ్ల కిందట పోయిన ఆమె భర్త నర్సయ్య ఎక్కించింది. అక్కడక్కడా పోగులు తెగి వేలాడుతున్నాయి.

"మగ్గం ఇప్పుమంటె మాత్రం ఇప్పుడే పో కొడుకా" అంది రాజవ్వ.

ఎలుకలు రోజూ ఒకే దారిన తిరుగుతాయి. వాటి ఒంటి జిడ్డుతో గోడ వెంట నల్లటి గీత పడుతుంది. దాన్ని మేం రన్‌వే అంటాం. ఆ గీత మగ్గం గుంటలోకి దిగింది. అక్కడ బెయిట్ స్టేషన్, అంటే మందు కలిపిన ఎర ఉండే మూత డబ్బా, పెట్టి వచ్చాను. వారం తర్వాత ఎర పెట్టింది పెట్టినట్టే ఉంది. పోగులు మాత్రం ఇంకొన్ని తెగాయి.

అంతకంటే ఇష్టమైన తిండి దొరికితే ఎలుక ఎరను వదిలేస్తుంది. పడుగు మీద వేలు ఆనించాను. బిరుసుగా ఉంది.

"అవ్వా, దీనికి గంజి ఎప్పుడు పెట్టిన్రు?"

"మొన్న అమాసకు. నెలనెల పెడుత. గంజి లేకుంటె పోగు సచ్చిపోతది. దవాఖానకు పోయేనాడు, పడుగు జూస్కో అన్నడు ఆయన."

ఎలుకలు ఆ గంజి కోసమే పోగులు కొరుకుతున్నాయని చెప్పాను. విన్నాక ఆమె మగ్గం గట్టు మీద కూలబడింది. "అంటె నేనే బువ్వ పెట్టి పిలిచిన్నా?"

గంజి మానితే పోగు పెళుసెక్కి తెగుతుంది. పెడితే ఎలుకలు తింటాయి.

"నేసెయ్యరాదు అవ్వా?" అన్నాను.

ఆమె తెగిన పోగొకటి వేళ్ల మధ్య పట్టుకుంది. "నేస్తె ఆయన పడుగు అయిపోతది గదా" అంది.

గడపలో నిలబడ్డ సలీం భాయ్ అందుకున్నాడు. "నెయ్యి అవ్వా, మొదటి తువ్వాల నాకే ఇయ్యాలె. నీ ఎలుకలు నా షర్టులన్ని కొరికినయి."

"నీ మూతికి తువ్వాలొకటి తక్కువైంది తియ్!" అని కళ్లు తుడుచుకుంది.

జీవితమంతా భర్త నేతకు దారం కండెలు చుట్టిన మనిషి, మొదటిసారి తానే నెయ్యడానికి గుంటలోకి కాళ్లు జారవిడిచింది. నేను బొరియల్లో గాజుపెంకులు కుక్కి సిమెంటు వేసి, గోడ వెంట బోన్లు పెట్టాను.

దసరా దాటాక చూడ్డానికి వెళ్లాను. బోన్లు ఖాళీగా ఉన్నాయి. మడతపెట్టిన తెల్లబట్ట పీట మీద ఉంది. ఆమె మగ్గం ముందు వంగి ఏదో పురి పెడుతోంది. పడుగు అయిపోయినా నేతవాళ్లు దాని చివరి పోగులను, దువ్వెనలా పోగులను విడదీసే అచ్చులోనే ఉంచి, కొత్త పడుగును ఒక్కో పోగుగా వాటికే అతుకుతారు.

"సూడు కొడుకా, కొత్తదంత ఆయన పోగులకే పట్టుకుంటున్నది" అంది తల ఎత్తకుండా. "దీన్ని మాత్రం నిలువ ఉంచ, నేస్త."

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా రన్‌వే వెతికే ముందు, అక్కడ వాళ్లు దేన్ని కాపాడుకుంటున్నారో అడుగుతున్నాను.